దక్షిణ సముద్ర శోధకుడు జేమ్స్ మార్

భూగోళమునకు దక్షిణాగ్రమున అంటార్కిటికా అను మంచు ఖండము కలదు. దానిని నలువైపుల చుట్టి దక్షిణ మహాసముద్రము వ్యాపించియున్నది. చలికాలమున ఆ సముద్రముపై కోటిన్నర చదరపు కిలోమీటర్లకు మించిన మేర నీరు గడ్డకట్టి మంచుపలకయై నిలుచును. ఎండకాలమున ఆ మంచు పగిలి, తునుకలై, కొండలై అలలపై తేలుచుండును. దూరమునుండి చూచువారికి అది ప్రాణి సంచారము లేని ఎడారివలె తోచును. కాని భూమిమీద నుండు జంతువులన్నిటిలో పెద్దదియగు నీలి తిమింగలము ఆ నీటిలోనే మేయును. పెంగ్విన్ పక్షులు లక్షలకొలది ఆ తీరములందే పిల్లలను పెంచును. సీలు జంతువులు ఆ మంచుపలకలపైననే విశ్రమించును. వీనిలో అనేక జాతులకు ముఖ్యాహారము మన చిటికెన వ్రేలంత పొడవు గల ఒక చిన్న జీవి. రొయ్యను పోలిన ఆ జీవికి క్రిల్ అని పేరు. ఈ అల్పప్రాణి చరిత్రను తెలిసికొనుటకై తన జీవితమున పెక్కు సంవత్సరములను ధారవోసిన శాస్త్రజ్ఞుడు జేమ్స్ మార్.

మార్ 1902వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన స్కాట్లండు దేశమునందలి అబర్డీన్ పట్టణమున జన్మించెను. అబర్డీన్ సముద్రపు రేవు. చేపల పడవలు వచ్చుటయు పోవుటయు అచ్చటి బాలురకు నిత్యము కన్నులపండువు. మార్ చదువునందు శ్రద్ధ గలవాడు. పాఠశాల ముగించి ఆ పట్టణమందలి విశ్వవిద్యాలయమున చేరెను. చదువుతోపాటు బాయ్ స్కౌటు దళమునందును చేరి, ఓర్పును, క్రమశిక్షణమును, తన పనిని తానే చేసికొను అలవాటును నేర్చుకొనెను.

ఆ కాలమున సర్ ఎర్నెస్టు షాకిల్టన్ అను ధ్రువయాత్రికుని పేరు ఇంగ్లండున ప్రతి యింట వినబడుచుండెను. 1921వ సంవత్సరమున ఆయన క్వెస్టు అను చిన్న ఓడపై మరల దక్షిణ ధ్రువ ప్రాంతమునకు పోవ సంకల్పించి, ఒక స్కౌటు బాలుని తనతో కొనిపోవుదునని వార్తాపత్రిక ద్వారా ప్రకటించెను. సుమారు 1,700 మంది బాలురు దరఖాస్తులు పంపిరి. వారిలో కొందరిని పిలిపించి షాకిల్టన్ స్వయముగా పరీక్షించెను. చివరకు ఒకనికి బదులు ఇద్దరిని ఎన్నుకొనెను. ఒకడు ఆర్క్‌నీ ద్వీపములవాడగు నార్మన్ మూనీ. రెండవవాడు జేమ్స్ మార్. అప్పటికి మార్‌కు పందొమ్మిదవ యేడు నిండలేదు.

1921 సెప్టెంబరు నెలలో క్వెస్టు ఓడ లండన్ విడిచెను. ఓడ చిన్నది, అలలు పెద్దవి. అది అటునిటు ఒరగని క్షణము లేకుండెను. మూనీ సముద్రపు వాంతులచే మిక్కిలి కృశించి, మడీరా ద్వీపమువద్ద ఓడ దిగి యింటికి మరలిపోవలసివచ్చెను. మార్‌ కూడ బాధపడెను గాని వెనుదిరుగలేదు. ఓడలో చిన్నవానికి అప్పగించు పనులనన్నిటిని విసుగు లేక చేయుచు పెద్దల మెప్పును పొందెను. 1922 జనవరి 4వ తేదీన ఓడ దక్షిణ జార్జియా ద్వీపమునందలి గ్రిట్‌వికెన్ రేవును చేరెను. మరునాడు తెల్లవారకముందే షాకిల్టన్ గుండెపోటుతో మరణించెను. ఏ మహానాయకుని వెంట నడువవలెనని ఆ యువకుడు ఇల్లు విడిచి వచ్చెనో ఆ నాయకుడు మంచు ఖండమును చేరకముందే కన్నుమూసెను. అయినను యాత్ర ఆగలేదు. ఫ్రాంక్ వైల్డు నాయకత్వము వహించెను. క్వెస్టు మంచు సముద్రమున కొంతకాలము సంచరించి ఆ సంవత్సరము సెప్టెంబరున స్వదేశము చేరెను. మార్ తన అనుభవములను 1923లో ఒక గ్రంథముగా ప్రకటించెను. దేశమంతట ఆయన స్కౌటు మార్ అని పేరుపొందెను.

ఇచ్చట గ్రిట్‌వికెన్ రేవును గూర్చి కొంత తెలిసికొనవలెను. అది తిమింగలముల వేటకు ప్రధాన స్థానము. లార్సెన్ అను నార్వే నావికుడు 1904లో అచ్చట కర్మాగారమును స్థాపించెను. వేటగాండ్రు ఆవిరి పడవలపై పోయి, ఫిరంగితో పెద్ద బల్లెములను ప్రయోగించి తిమింగలములను చంపి రేవునకు ఈడ్చుకొని వచ్చెడివారు. వాని క్రొవ్వును కోసి, పెద్ద పాత్రలలో ఉడికించి, చమురు తీసెడివారు. ఆ చమురుతో సబ్బులును, వెన్నకు బదులుగా వాడు మార్గరీనును తయారగుచుండెను. గిరాకి హెచ్చినకొలది వేట హెచ్చెను. అయినను తిమింగలము ఎంతకాలము బ్రతుకును, ఎన్ని యేండ్ల కొకసారి ఈనును, ఏ మార్గమున సంచరించును, సముద్రమున ఎన్ని యున్నవి అను ప్రశ్నలకు సమాధానము చెప్పగలవా డొక్కడును లేడు. లెక్క తెలియని ధనమును రాత్రింబగళ్లు వెచ్చించు వారసునివలె మానవుడు ఆ సముద్రమున ప్రవర్తించుచుండెను.

కొందరు దూరదృష్టి గల అధికారులు ఈ విషయమును గుర్తించిరి. ఆ ద్వీపములను పాలించుచున్న ఫాక్‌లండ్ ద్వీపముల ప్రభుత్వము తిమింగలపు చమురుపై పన్ను విధించుచుండెను. ఆ పన్ను ధనమును తిమింగలములను గూర్చిన పరిశోధనకే వినియోగింప నిశ్చయమయ్యెను. పూర్వము స్కాట్ అను యాత్రికుడు వాడిన డిస్కవరీ అను ఓడను కొని, బాగుచేయించి, 1925లో దక్షిణమునకు పంపిరి. ఆ పరిశోధనకు నాయకుడు స్టాన్లీ కెంప్. ఈయన అంతకుముందు పదునాలుగు సంవత్సరములు మన దేశమున కలకత్తా నగరమందు జంతుశాస్త్రజ్ఞుడుగా పనిచేసి, రొయ్యలు, పీతలు మొదలగు జాతుల విషయమున ప్రసిద్ధి కెక్కినవాడు. తెలుగు సీమకు పొరుగున నున్న చిల్కా సరస్సులోని జీవులను గూడ ఆయన అనండేలుతో కలిసి పరిశోధించెను.

గ్రిట్‌వికెన్ రేవున శాస్త్రజ్ఞులు ఒక పరిశోధనాలయమును నెలకొల్పిరి. వేటగాండ్రు తెచ్చిన తిమింగలములను ఒక్కొక్కదానిని కొలిచి, దాని కడుపును కోసి పరీక్షించిరి. చిన్నదానిలోను పెద్దదానిలోను కడుపునిండ కనబడినది క్రిల్ ఒక్కటియే. దీనినిబట్టి తిమింగలమును తెలిసికొనవలెనన్న ముందుగా క్రిల్‌ను తెలిసికొనవలెనని వారికి స్పష్టమయ్యెను. క్రిల్ యెచ్చట గుమిగూడునో అచ్చటికి తిమింగలము వచ్చును. క్రిల్ కొరవడిన యేట తిమింగలము ఇతర ప్రదేశములకు పోవును.

మార్ 1927లో ఈ పరిశోధక బృందమున చేరెను. అప్పటికి ఆయన విశ్వవిద్యాలయమున సాహిత్యమును, జంతుశాస్త్రమును చదివి పట్టములు పొంది, ఉత్తర ధ్రువ సముద్రమున కూడ ఒక యాత్ర చేసి వచ్చియుండెను. విలియం స్కోర్స్‌బీ, డిస్కవరీ-2 అను పరిశోధక నౌకలపై ఆయన పలుమారులు దక్షిణ సముద్రమునకు పోయెను. 1929లో డగ్లస్ మాసన్ నాయకత్వమున బయలుదేరిన మరియొక యాత్రయందును పాల్గొనెను.

ఆ నౌకలపై పని సాహసకథలలో చదువునట్టిది కాదు. ఓడ కొంత దూరము పోయి ఆగును. సన్నని గుడ్డతో చేసిన వలలను ఇనుప త్రాళ్లకు కట్టి నీటిలోనికి దింపుదురు. ఒక వల పైపొరలలో, ఒక వల నూరు మీటర్ల లోతున, ఒక వల వేయి మీటర్ల లోతున తిరుగును. పైకి తీసిన వలలోని జీవులను సీసాలలో పోసి, చెడకుండ మందు కలిపి, స్థలము, తేది, గంట, లోతు, నీటి వేడిమి వ్రాసి పెట్టుదురు. పిమ్మట ఓడ మరియొక చోటికి పోవును. అచ్చటను అదే పని. పగలైనను, అర్ధరాత్రియైనను, తుపానైనను ఈ క్రమము తప్పరాదు. తడిసిన త్రాడు చేతిలోనే గడ్డకట్టును. చేతులు కొంకర్లు పోవును. ఒక్క సీసాపై చీటి తప్పుగా వ్రాసినను ఆ దినపు శ్రమ వ్యర్థమగును. ఇట్టి పనిని మార్ సంవత్సరముల తరబడి చేసెను.

శాస్త్రజ్ఞులు ఇట్లు నిదానముగా లెక్కించుచుండగా వేటగాండ్రు వేగము పెంచిరి. 1925లో తిమింగలమును ఏటవాలు దారి గుండ ఓడ మీదికే లాగి, ఓడలోనే చమురు తీయు కర్మాగార నౌకలు బయలుదేరెను. వానికి రేవుతో పని లేదు. తీరమునేలు ప్రభుత్వముల ఆజ్ఞ నడిసముద్రమున చెల్లదు. 1930-31వ సంవత్సరపు వేటకాలమున, కొన్ని మాసములలోనే, 29,000కు పైగా నీలి తిమింగలములు చంపబడెను. పరిశోధకులు వ్రాసిన నివేదికలు హెచ్చరికలు చేసినను, లాభమున కలవాటుపడిన చెవులకు అవి వినబడలేదు. తిమింగలముల వేటను క్రమపరచుటకు 1946లో దేశములు ఒడంబడిక చేసికొన్నను, గీసిన గీత చాల ఎత్తున నుండెను. లక్షలకొలది యున్న దక్షిణ సముద్రపు నీలి తిమింగలములు కాలక్రమమున కొన్ని వందలకు దిగిపోయెను. వ్యాపారపు వేటను నిలుపవలెనని అంతర్జాతీయ సంఘము 1982లో తీర్మానించునప్పటికి చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొన్నట్లయ్యెను.

ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధము వచ్చెను. మార్ నౌకాదళమున పనిచేసెను. 1943లో బ్రిటిషు ప్రభుత్వము అంటార్కిటికా ద్వీపకల్పమున స్థావరములు నెలకొల్పుటకు రహస్యముగా ఒక దళమును పంపుచు మార్‌ను దానికి నాయకునిగా నియమించెను. 1944లో పోర్ట్ లాక్రాయ్ అను చోట ఆయన కొలదిమంది తోడివారితో కొయ్య యిల్లు కట్టి ఆ చలికాలమును గడపెను. మరుసటి సంవత్సరము ఆరోగ్యము చెడుటచే ఆ పదవిని విడిచి స్వదేశమునకు మరలెను.

యుద్ధానంతరము, 1949లో, మార్ జాతీయ సముద్రశాస్త్ర సంస్థలో చేరెను. యౌవనమున తానును, తన మిత్రులును సీసాలలో నింపి తెచ్చిన జీవరాశి యంతయు ఆయనకొరకు వేచియుండెను. ఇక సాహసముల కాలము ముగిసెను. ఓర్పు కాలము మొదలయ్యెను. సీసా వెంబడి సీసా తెరచి, సూక్ష్మదర్శినిలో పరీక్షించి, గ్రుడ్లను, పిల్లలను, పెద్దవానిని వేరుచేసి, లెక్కించి, సముద్రపటములపై గుర్తించెను. పదమూడు సంవత్సరముల పిమ్మట, 1962లో, క్రిల్ జీవితమును, దాని నివాసమును గూర్చి నాలుగువందల పుటలకు మించిన గ్రంథము వెలువడెను.

ఆ గ్రంథము వలనను, పిదప వచ్చిన శాస్త్రజ్ఞుల పరిశోధనల వలనను క్రిల్ చరిత్ర మనకు తెలిసినది. ఎదిగిన క్రిల్ ఆరు సెంటిమీటర్ల పొడవుండును; బరువు రెండు గ్రాములకు మించదు. దేహము పారదర్శకమై అందందు ఎర్రని చుక్కలతో నిండియుండును, కన్నులు నల్లనివి. ముందరి కాళ్లకు గల సన్నని వెండ్రుకలు జల్లెడగా పనిచేయును. ఆ జల్లెడతో అది నీటిలోని అతిసూక్ష్మములగు మొక్కలను వడకట్టి తినును. క్రిల్ ఒంటరిగా నుండక గుంపులుగా నీదును. దట్టమైన గుంపులో ఒక్క ఘనమీటరు నీటిలో పదివేలకు పైగా నుండును. అట్టి గుంపు పైకి వచ్చినపుడు సముద్రమే ఎర్రబడినట్లు కనబడును.

ఆడ క్రిల్ ఎండకాలమున వేలకొలది గ్రుడ్లను పెట్టును. ఆ గ్రుడ్లు వందల మీటర్ల లోతునకు మునిగి, ఆ చీకటిలో పొదుగును. వెలువడిన పిల్లలు రూపములు మార్చుకొనుచు, వారముల తరబడి మెల్లమెల్లగా పైకి ప్రాకి, వెలుతురున్న పొరను చేరి ఆహారమును కనుగొనవలెను. దారిలో ఆలస్యమైన పిల్ల ఆకలిచే చచ్చును. చలికాలమున వెలుతురు లేక మొక్కలు పెరుగనపుడు, మంచుపలక అడుగున అంటుకొనియుండు నాచును ఆ పిల్లలు గీకి తినును. కావున మంచు తరిగిన యేట చిన్న క్రిల్‌కు కరవు. దక్షిణ జార్జియా సమీపమున కనబడు క్రిల్ అచ్చటనే పుట్టినది కాదనియు, దక్షిణమునుండి ప్రవాహములు దానిని మోసికొని వచ్చుననియు పరిశోధనలు తేల్చెను. ఒకచోట పట్టిన క్రిల్ మరియొకచోటి పెంగ్విన్ గూటికి చేరవలసిన ఆహారము కావచ్చును. ఈ సత్యము మత్స్యవేటను క్రమపరచువారికి మిక్కిలి ముఖ్యమైనది.

మార్ గ్రంథము వెలువడిన కాలముననే సోవియట్ దేశపు ఓడలు క్రిల్‌ను ప్రయోగార్థము పట్టసాగెను. మార్ 1965 ఏప్రిల్ 30వ తేదీన పరమపదించెను. తాను పరిశోధించిన జీవిని టన్నులకొలది పట్టు కాలమును ఆయన చూడలేదు. 1970 తరువాత వేట వేగముగా పెరిగి, 1981-82లో ఒక్క యేట అయిదు లక్షల టన్నులు దాటెను. తిమింగలములు తరిగినవి గనుక వానికి చెందిన క్రిల్ అంతయు సముద్రమున మిగిలియున్నదనియు, దానిని మానవుడు తీసికొన్నను నష్టము లేదనియు కొందరు తలచిరి. కాని శాస్త్రజ్ఞులు వేరొక మాట చెప్పిరి. ఆ ఆహారముపై పెంగ్విన్‌లు, సీలు జంతువులు, చేపలు బ్రతుకుచున్నవి. తిమింగలములు మరల వృద్ధి పొందవలెనన్నను అదియే కావలెను. మూలమును తీసినచో మీది అంతస్తులన్నియు కూలును.

ఈసారి దేశములు కొంత ముందుగా మేలుకొన్నవి. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనన్న బుద్ధి కలిగినది. 1980 మే నెలలో ఆస్ట్రేలియా రాజధానియగు కాన్‌బెర్రాలో అంటార్కిటిక్ సముద్ర జీవసంపద రక్షణకై ఒక ఒడంబడిక కుదిరెను. 1982లో అది అమలునకు వచ్చెను. దాని కార్యస్థానము టాస్మేనియా ద్వీపమందలి హోబర్టు నగరము. మన భారతదేశము 1985లో ఆ ఒడంబడికను అంగీకరించి, మరుసటి యేట దాని సంఘమున సభ్యత్వము పొందినది. ఈ ఒడంబడికకు ఒక విశేషము కలదు. పట్టుబడు జీవి ఒక్కటి మిగిలిన చాలదు. దానిని తిని బ్రతుకు జీవులన్నియు క్షేమముగా నుండవలెను. రెండు మూడు దశాబ్దములలో సరిదిద్ద వీలులేని మార్పు సముద్రమున కలుగరాదు. ఇట్టి నియమమును ప్రధానముగా పెట్టుకొన్న మత్స్యవేట ఒడంబడికలలో ఇది మొదటిది.

ఆ నియమము ప్రకారము దక్షిణ అట్లాంటిక్ భాగమున యేడాదికి 6,20,000 టన్నుల క్రిల్ పట్టుబడినంతనే వేట నిలుపవలెనని హద్దు ఏర్పడినది. అదంతయు పెంగ్విన్ కాలనీల చెంత ఒక్కచోటనే పట్టకుండ, 2009 నుండి ప్రాంతముల వారీగా భాగములు నిర్ణయింపబడినవి. ఓడలపై పరిశీలకులు ఉందురు. పట్టిన ప్రతి టన్నును లెక్క చెప్పవలెను. తీరములందు శాస్త్రజ్ఞులు పెంగ్విన్ పిల్లల బరువును తూచి, ఆ యేట ఆహారము చాలినదో లేదో కనుగొందురు. 2016లో రాస్ సముద్రమున పదిహేను లక్షల చదరపు కిలోమీటర్లకు మించిన ప్రదేశము రక్షిత ప్రాంతముగా నిర్ణయింపబడి, మరుసటి యేట చివర అది అమలునకు వచ్చినది.

అయినను పని ముగియలేదు. ఆ సంఘమున సభ్యులందరు ఒప్పుకొనిననే తీర్మానము నెగ్గును. ఒక్కరు కాదన్నను ఆగిపోవును. వేటను ప్రాంతములవారీగా పంచిన ఏర్పాటు 2024 చివర అంగీకారము కుదరక ముగిసిపోయెను. తరువాతి వేటకాలమున ఓడలు కొలది ప్రదేశములందే గుమిగూడెను. 2025 ఆగస్టు నాటికి 6,20,000 టన్నుల హద్దు మొదటిసారిగా చేరుటచే వేటను గడువునకు ముందే మూసివేయవలసివచ్చెను. హద్దు ఉండబట్టి వేట ఆగినది. పంపకము లేకపోవుటచే ఒక్కచోటనే భారము పడినది. ఈ రెండును గుర్తింపదగిన విషయములు. అదిగాక భూమి వేడెక్కుటచే మంచు తరుగుచున్నది. మంచు అడుగున బ్రతుకు క్రిల్ పిల్లలకు అది వేరొక ముప్పు.

జేమ్స్ మార్ సింహాసనము లెక్కలేదు. యుద్ధమున శత్రువులను జయింపలేదు. పదునెనిమిదేండ్ల ప్రాయమున సాహసము కోరి ఇల్లు విడిచెను. ఆ సాహసమును క్రమముగా శాస్త్రమునకు అంకితము చేసెను. ఇతరులు పెద్ద జంతువును చూచి దాని చమురును లెక్కించుచుండగా ఆయన దాని ఆహారమును లెక్కించెను. తిమింగలముల విషయమున జ్ఞానము వేటకు వెనుక నడచెను. కావున సముద్రము దరిద్రమయ్యెను. క్రిల్ విషయమున జ్ఞానము వేటకంటె ముందుగా నడచెను. కావున గీత గీయుటకు మానవునకు అవకాశము దొరకెను. ఆ గీతను చెరగకుండ కాపాడుట నేటి తరమువారి విధి. సీసాపై చీటిని సరిగా వ్రాయుట ఎంత చిన్న పనియో, ఎంత గొప్ప పనియో మార్ జీవితము మనకు తెలుపుచున్నది.